న్యూజెర్సీలో కారు ప్రమాదం: నో-ఫాల్ట్ ఇన్సూరెన్స్ కింద గాయాల క్లెయిమ్ ఎలా నడపాలి

"సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాను. వెనకనుంచి వచ్చి గుద్దింది అవతలివాడు. ఆసుపత్రి బిల్లు మాత్రం నా ఇన్సూరెన్స్‌కే పంపమంటున్నారు. ఇదెక్కడి న్యాయం?"

ఎడిసన్, ప్లెయిన్స్‌బరో, జెర్సీ సిటీ వైపు మనవాళ్ళలో ఎవరికి యాక్సిడెంట్ అయినా మొదట అడిగేది ఇదే. ఆ వెంటనే ఇంకొన్ని వస్తాయి: నొప్పికి డబ్బులు ఇస్తారా, హెల్త్ కార్డు చూపించాలా, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు కారులో ఉంటే ఎలా, లాయర్‌ని ఎప్పుడు పెట్టుకోవాలి. వీటన్నిటికీ పని జరిగే వరసలో జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

ఇక్కడున్నదంతా న్యూజెర్సీ చట్టం ప్రకారం. గాయం పెద్దదైతే ఇది చదివి ఊరుకోకండి, లాయర్‌ని కలవండి.

## 1. ముందు రెండు క్లెయిములనూ విడదీసుకోండి

గందరగోళం అంతా ఒకే ప్రమాదంలోంచి రెండు వేర్వేరు క్లెయిములు పుట్టడం వల్ల వస్తుంది.

మొదటిది వైద్య ఖర్చుల క్లెయిమ్. దీన్ని పర్సనల్ ఇంజురీ ప్రొటెక్షన్ అంటారు, వాడుకలో 'పిప్'. తప్పు ఎవరిదైనా మీ గాయాల వైద్యానికి మీ కారు ఇన్సూరెన్సే కడుతుంది. ఎవరు ఎవరిని గుద్దారో తేలేదాకా ఆగక్కర్లేదు.

రెండోది నొప్పి, బాధ, జీవితం మునుపటిలా లేకపోవడం వంటి నష్టాలకు పరిహారం. ఇది తప్పు చేసినవాడి ఇన్సూరెన్స్ నుంచి రావాలి. ఇక్కడ తప్పు ఎవరిదన్నదే ముఖ్యం. అయితే ఈ క్లెయిమ్ వేసే హక్కు మీకు పూర్తిగా ఉందా, కొంతే ఉందా అన్నది పాలసీ కొన్నరోజునే మీరు పెట్టిన ఒక టిక్కుతో తేలిపోయింది. చాలామందికి ఆ టిక్కు పెట్టిన సంగతే గుర్తుండదు.

కారు రిపేరు ఈ రెండింట్లోనూ లేదు. బంపర్, డోర్, టోటల్ లాస్ లెక్కలకు నో-ఫాల్ట్ వర్తించదు. వాటిని మీ కొలిజన్ కవరేజీ (మీ కారు రిపేరుకు మీరే తీసుకున్న కవరేజీ) నుంచైనా, తప్పు చేసినవాడి ప్రాపర్టీ డ్యామేజ్ నుంచైనా రాబట్టుకోవాలి. దానికి విడిగా క్లెయిమ్ నడుస్తుంది, అడ్జస్టర్ (క్లెయిమ్ చూసే ఇన్సూరెన్స్ కంపెనీ మనిషి) కూడా వేరే ఉండొచ్చు.

## 2. డిక్లరేషన్స్ పేజీ తీసి ముందు పెట్టుకోండి

ప్రమాదం జరగనివాళ్ళు ఈ పని ఇవాళే చేయండి. జరిగినవాళ్ళు అడ్జస్టర్‌తో మాట్లాడకముందే చేయండి. ఇన్సూరెన్స్ కంపెనీ యాప్‌లో పాలసీ డాక్యుమెంట్ల కింద మొదటి రెండు మూడు పేజీలే డిక్లరేషన్స్ పేజీ. అందులో చూడాల్సినవి:

- పాలసీ స్టాండర్డా, బేసిక్కా (తక్కువ కవరేజీ ఉన్న చవక పాలసీ)?
- పిప్ పరిమితి ఎంత? (15,000 డాలర్ల నుంచి 2,50,000 డాలర్ల దాకా ఉంటుంది)
- పిప్ డిడక్టబుల్ (పిప్ కట్టడం మొదలుపెట్టేముందు మీ జేబులోంచి పోయే మొత్తం) ఎంత?
- వైద్యానికి ముందు కట్టేది పిప్పా, హెల్త్ ఇన్సూరెన్సా?
- దావా హక్కు: పరిమితమా, అపరిమితమా?
- ఇన్సూరెన్స్ లేనివాడు, చాలీచాలని ఇన్సూరెన్స్ ఉన్నవాడు గుద్దితే మీకున్న కవరేజీ ఎంత?
- జీతం నష్టం, ఇంటి పనుల ఖర్చు వంటి అదనపు పిప్ లాభాలు ఉన్నాయా?

వీటిలో మూడింటి దగ్గర ఆగాలి.

పిప్ పరిమితి. ప్రీమియం తగ్గుతుందని 15,000 ఎంచుకునేవాళ్ళు చాలామంది. ఒక సర్జరీకి, రెండు ఎమ్మారైలకు అది కరిగిపోతుంది. మెదడుకు, వెన్నుపాముకు తగిలిన తీవ్ర గాయాల వంటి వాటికి, పెద్ద గాయమై ట్రామా సెంటర్‌లో చేర్చి పరిస్థితి నిలకడపడేదాకా జరిగే వైద్యానికి, మీరెంత తక్కువ ఎంచుకున్నా 2,50,000 డాలర్ల దాకా కట్టాలని చట్టం ఉంది. కానీ నెలలకొద్దీ సాగే నడుం నొప్పి, మెడ నొప్పి వైద్యం ఈ వెసులుబాటులోకి రాదు. మామూలుగా వచ్చే గాయాలేమో అవే.

హెల్త్ ఇన్సూరెన్స్ ప్రైమరీ. ఇది పెట్టుకుంటే ప్రీమియం కొంచెం తగ్గుతుంది. అయితే ఆఫీసు హెల్త్ ప్లాన్ కారు ప్రమాదాలకు ముందుగా కడుతుందో లేదో హెచ్‌ఆర్‌ని అడిగి, రాతపూర్వకంగా తీసుకోకుండా పెట్టకూడదు. పెద్ద కంపెనీలు సొంత డబ్బుతో నడిపే ప్లాన్లలో కారు ప్రమాదాలను మినహాయించినవి ఉంటాయి. ప్రమాదం నాటికి మీ హెల్త్ కవరేజీ లేదని తేలితే పిప్ కడుతుంది, కాకపోతే అదనంగా 750 డాలర్ల డిడక్టబుల్ మీద పడుతుంది. ఉద్యోగం మారినా, ప్రాజెక్టు మధ్యలో ఆగినా హెల్త్ కార్డు మారిపోయే మనవాళ్ళకి ఈ ఆప్షన్ నేను చెప్పను. మెడికేర్, మెడికెయిడ్ ఉన్నవాళ్ళు దీన్ని అసలు ఎంచుకోకూడదు.

దావా హక్కు. 'లిమిటేషన్ ఆన్ లాసూట్' అని ఉంటే మీది పరిమిత హక్కు. 'నో లిమిటేషన్' అని ఉంటే అపరిమితం. ఏదీ ఎంచుకోకపోతే పరిమితం కిందే లెక్క. బేసిక్ పాలసీకి పరిమితం తప్ప ఇంకో దారి లేదు. లెక్కలోకి వచ్చేది మీ పాలసీలోని ఎంపికే. గుద్దినవాడి పాలసీలో ఏముందన్నదానితో పని లేదు. ఈ ఎంపిక పాలసీదారుకూ, అదే ఇంట్లో ఉండే భార్య లేదా భర్తకూ, పిల్లలకూ వర్తిస్తుంది. వాళ్ళ పేరు మీద వేరే పాలసీ ఉంటే దాని ఎంపిక చూడాలి.

## 3. ప్రమాదం జరిగిన చోట

ఇక్కడ చేసేవి చాలావరకు అందరికీ తెలిసినవే, త్వరగా చెప్పేస్తాను.

- ఎవరికైనా దెబ్బ తగిలితే 911.
- అవతలి డ్రైవర్ లైసెన్స్, ఇన్సూరెన్స్ కార్డు, నంబర్ ప్లేట్ ఫొటో.
- రెండు బండ్లూ కలిసి కనిపించే ఫొటోలు, రోడ్డు, సిగ్నల్, బ్రేకు గుర్తులు.
- చూసినవాళ్ళ పేరు, ఫోన్ నంబర్.
- పోలీసు రిపోర్టు నంబర్, వచ్చిన ఆఫీసర్ పేరు.
- డాష్‌క్యామ్ ఉంటే ఆ వీడియో అదే రోజు వేరేచోట కాపీ. చాలా క్యామెరాలు పాతదాని మీదే మళ్ళీ రికార్డు చేసేస్తాయి.

పోలీసులు వచ్చి రిపోర్టు రాయకపోతే, గాయమైనా, 500 డాలర్లు మించిన నష్టమైనా ఉన్నప్పుడు 10 రోజుల్లో మీరే మోటార్ వెహికల్ కమిషన్‌కి రిపోర్టు పంపాలి.

ఇక మనవాళ్ళ అలవాటు ఒకటుంది. ఎవరు అడిగినా "అబ్బే, ఏం కాలేదు, ఐ యామ్ ఫైన్" అనేస్తాం. మర్యాదకు అన్న ఆ మాట పోలీసు రిపోర్టులో 'గాయాలు లేవు' అని ఎక్కుతుంది. మెడ, నడుం నొప్పులు తరచూ మర్నాటికి గానీ తెలియవు. "ఇప్పుడే చెప్పలేను, డాక్టర్‌కి చూపించుకుంటాను" అనండి. అది నిజం కూడా.

## 4. ఎవరి పిప్ కట్టాలో తేల్చుకోండి

గాయపడ్డ ప్రతి మనిషికీ విడివిడిగా ఈ వరసలో చూసుకోవాలి:

1. తన పేరు మీద కారు పాలసీ ఉందా? ఉంటే తన పిప్పే. స్నేహితుడి కారులో పక్క సీట్లో కూర్చున్నా, రోడ్డు దాటుతుంటే కారు తగిలినా అంతే.
2. లేకపోతే, ఒకే ఇంట్లో ఉండే కుటుంబ సభ్యుడి పాలసీ ఉందా? ఉంటే దాని పిప్.
3. అదీ లేకపోతే, తను కూర్చున్న కారు పిప్. నడుస్తున్న మనిషైతే తగిలిన కారు పిప్.

సైకిల్ మీద వెళ్ళేవాళ్ళను పాదచారులతో సమానంగా చూస్తారు. కరెంటు స్కూటర్ మీద నిలబడి వెళ్ళేవాళ్ళను మాత్రం పాదచారులుగా లెక్కించలేమని 2024లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు చెప్పింది. మోటార్‌సైకిళ్ళకు కారు పిప్ వర్తించదు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు మీ కారులో ఉండగా దెబ్బ తగిలితే మీ కారు పిప్ వాళ్ళ వైద్యానికి పనికొస్తుంది. విజిటర్ ఇన్సూరెన్స్ కార్డు ఒక్కటే ఆసుపత్రికి ఇచ్చి ఊరుకోకండి. ఆ ప్లాన్లకు పరిమితులు ఎక్కువ, మినహాయింపులు ఇంకా ఎక్కువ. ముందు పిప్ క్లెయిమ్ నంబర్ ఇవ్వండి. నొప్పి, బాధల దావా విషయంలోనూ వాళ్ళ పరిస్థితి వేరు. మీరు పరిమిత హక్కు ఎంచుకున్నంత మాత్రాన అది మీ తల్లిదండ్రులకు అంటకపోవచ్చు. వాళ్ళ కేసును మీ కేసుతో కలిపి వదిలేయకుండా విడిగా లాయర్‌కి చూపించండి. తిరుగు టికెట్ తేదీలోపే ఇక్కడి డాక్టర్ల రికార్డులన్నీ తీసి పెట్టుకోండి.

ఆఫీసు పని మీద బండి నడుపుతుండగా ప్రమాదమైతే ముందు కట్టాల్సింది వర్కర్స్ కాంపెన్సేషన్, అంటే పనిలో తగిలిన గాయాలకు మీ కంపెనీ పెట్టే ఇన్సూరెన్స్. ఆ సంగతి హెచ్‌ఆర్‌కీ, పిప్ అడ్జస్టర్‌కీ ఇద్దరికీ చెప్పాలి.

## 5. క్లెయిమ్ తెరిచి, నంబర్‌ని అందరికీ ఇవ్వండి

మీ ఇన్సూరెన్స్‌కి ఆ రోజో మర్నాడో ఫోన్ చేయండి. "యాక్సిడెంట్ అయింది" అని మాత్రం చెప్తే రిపేరు క్లెయిమ్ తెరిచి ఊరుకుంటారు. "గాయాలయ్యాయి, పిప్ క్లెయిమ్ కూడా తెరవండి" అని స్పష్టంగా అడగాలి. అప్పుడు వాళ్ళు పంపే పిప్ దరఖాస్తును నింపి, సంతకం పెట్టి, కాపీ ఉంచుకుని పంపండి. ఆ ఫారం వెళ్ళకపోతే బిల్లులు కదలవు.

ఆ తర్వాత మీరు వెళ్ళే ప్రతిచోటా, అంటే ఈఆర్, అంబులెన్స్, ఎక్స్‌రే, డాక్టర్, ఫిజికల్ థెరపీ, మందుల షాపు, అన్నిచోట్లా ఈ నాలుగూ ఇవ్వండి:

- పిప్ క్లెయిమ్ నంబర్
- ఇన్సూరెన్స్ కంపెనీ బిల్లింగ్ అడ్రస్
- అడ్జస్టర్ పేరు, ఫోన్
- ప్రమాదం తేదీ

ఈఆర్‌లో స్పృహ సరిగా లేనప్పుడు పర్సులోని హెల్త్ కార్డే స్కాన్ చేసి ఉంటారు. అందుకే వారంలోపు ఆసుపత్రి బిల్లింగ్ విభాగానికి ఫోన్ చేసి మార్పించండి. కొన్ని వారాలకు హెల్త్ ఇన్సూరెన్స్ నుంచి "ఇది ప్రమాదం వల్ల జరిగిన వైద్యమా?" అని ప్రశ్నలతో ఒక ఉత్తరం వస్తుంది. దాన్ని చెత్తబుట్టలో వేసినవాళ్ళకే తర్వాత కలెక్షన్ ఏజెన్సీ నోటీసులు వచ్చేది. జవాబు రాసి పంపండి.

డాక్టర్ వైపు కూడా గడువుంది. వైద్యం మొదలుపెట్టిన 21 రోజుల్లోపు వాళ్ళు మీ ఇన్సూరెన్స్‌కి తెలియజేయాలి. మొదటి విజిట్‌లోనే "పిప్ కంపెనీకి నోటీసు పంపుతున్నారా?" అని ఫ్రంట్ డెస్క్‌లో అడిగేయడం మేలు.

రికార్డు చేసుకునే స్టేట్‌మెంట్ సంగతి. మీ కంపెనీ అడిగితే సహకరించాలని పాలసీలోనే రాసి ఉంటుంది. అవతలివాడి కంపెనీకి అలా ఇవ్వాల్సిన బాధ్యత మీకు లేదు. వాళ్ళు ఎంత తియ్యగా మాట్లాడినా "ఇప్పుడు వద్దు" అని పెట్టేయవచ్చు.

## 6. వైద్యం సాగుతున్నప్పుడు

ఎమర్జెన్సీ వైద్యానికీ, ప్రమాదమైన మొదటి 10 రోజుల్లో జరిగే వైద్యానికీ ముందస్తు అనుమతి అక్కర్లేదు. ఆ తర్వాత మెడ, వీపు, నడుం గాయాలకు రాష్ట్రం నిర్ణయించిన వైద్య క్రమం ఉంది. ఆ దారిలో నిర్ణీత దశల దగ్గర మీ డాక్టర్ 'ట్రీట్‌మెంట్ ప్లాన్' ఫారం, దానితోపాటు నోట్సు పంపి ఇన్సూరెన్స్ ఒప్పుకోలు తీసుకోవాలి. కంపెనీ 3 పనిదినాల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే, ఇచ్చేదాకా వైద్యం సాగించవచ్చు.

అనుమతి అడగకుండా సాగిస్తే బిల్లులో 50 శాతం దాకా కోత పెట్టే వీలు కంపెనీకి ఉంటుంది. పంపాల్సింది డాక్టర్ ఆఫీసే అయినా, గాడి తప్పితే తిప్పలు పడేది మీరు. అందుకని ప్రతి కొత్త దశకు ముందు, అంటే ఎమ్మారై, ఇంజెక్షన్, థెరపీ పొడిగింపు, సర్జరీ, "అప్రూవల్ వచ్చిందా, కాపీ ఇస్తారా?" అని అడగండి.

ఒక దశలో కంపెనీ తన డాక్టర్ దగ్గరికి పరీక్షకు రమ్మంటుంది. దీన్ని ఐఎంఈ అంటారు. చేసేవాళ్ళు కంపెనీ డబ్బిచ్చి పెట్టుకున్న డాక్టర్లే, అయినా మానకూడదు. సరైన కారణం లేకుండా పదేపదే ఎగ్గొడితే వైద్యానికి కట్టడం ఆపేస్తారు. వెళ్ళే ముందు:

- ఏ రోజు ఏం నొప్పి, ఏ పని చేయలేకపోతున్నారు అన్నది ఒక కాగితం మీద రాసుకోండి.
- ఎమ్మారై, ఎక్స్‌రే రిపోర్టులు పట్టుకెళ్ళండి.
- ప్రమాదానికి ముందున్న నడుం నొప్పిని దాచకండి.
- పరీక్ష ఎన్ని గంటలకు మొదలై ఎన్ని గంటలకు ముగిసిందో రాసుకోండి.

దాచకండి అన్నదాని మీద ఇంకొక్క మాట. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఆరేళ్ళ క్రితం తీయించుకున్న నడుం ఎమ్మారై ఉంటే తెప్పించి మీ డాక్టర్‌కి ఇవ్వండి. పాత ఫొటోకూ కొత్త ఫొటోకూ తేడా చూపగలిగితే, "ఇది వయసుతో వచ్చిన అరుగుదల" అన్న కంపెనీ వాదనకు అదే మంచి జవాబు. ఇప్పుడు దాచిపెడితే, అవతలి లాయర్ ముందు బయటపడ్డప్పుడు మీ మిగతా మాటలనూ ఎవరూ నమ్మరు.

కంపెనీ వైద్యం ఆపేస్తే అదే చివరి మాట కాదు. ముందు డాక్టర్ ద్వారా కంపెనీలోనే అప్పీలు, అక్కడా కాదంటే రాష్ట్రం ఏర్పాటు చేసిన పిప్ ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి ఇచ్చే తీర్పు). చాలావరకు డాక్టర్ ఆఫీసే ఈ పని నడుపుతుంది, అందుకే వాళ్ళు మీతో 'అసైన్‌మెంట్ ఆఫ్ బెనిఫిట్స్' కాగితం (మీ బదులు పిప్ డబ్బు అడిగే హక్కును డాక్టర్‌కి ఇచ్చేది) మీద సంతకం తీసుకుంటారు. సంతకం పెట్టేముందు చదవండి.

## 7. జేబులోంచి ఎంత పోతుందో లెక్కేసుకోండి

పిప్‌లో రెండు కోతలు ఉంటాయి. మొదట డిడక్టబుల్. ఆ తర్వాత మొత్తం బిల్లు 5,000 డాలర్లు చేరేదాకా 20 శాతం కోపే, అంటే బిల్లులో మీ వాటా. 5,000 దాటాక పరిమితి వచ్చేదాకా కోపే లేదు.

డిడక్టబుల్ 250, ఒప్పుకున్న బిల్లు 6,000 డాలర్లు అనుకుందాం:

- డిడక్టబుల్: 250
- 250 నుంచి 5,000 దాకా ఉన్న 4,750లో 20 శాతం: 950
- 5,000 పైన ఉన్న 1,000 మీద: సున్నా
- మీరు కట్టేది 1,200, పిప్ కట్టేది 4,800

అదే డిడక్టబుల్ 2,500 అయితే 2,500కు, మిగతా 2,500లో 20 శాతం 500 కలిపి 3,000 డాలర్లు. ఏడాదికి ప్రీమియంలో ఎంత మిగులుతోందో ఈ 1,800 తేడాతో పోల్చి చూసుకోండి.

పిప్ కింద డాక్టర్లకు ఇచ్చే రేట్లు రాష్ట్రం నిర్ణయించిన పట్టిక ప్రకారం ఉంటాయి. పట్టికకు మించిన మొత్తాన్ని మీ దగ్గర వసూలు చేయకూడదు. "ఇన్సూరెన్స్ తక్కువిచ్చింది, మిగతాది మీరు కట్టండి" అని బిల్లు వస్తే వెంటనే కట్టకండి. అది డిడక్టబులా, కోపేనా, పట్టికకు మించిన తేడానా అని అడ్జస్టర్‌ని అడిగి, వివరం రాతలో తీసుకోండి.

## 8. జీతం పోతే

స్టాండర్డ్ పాలసీలో అదనపు పిప్ ప్యాకేజీ ఉంటే జీతం నష్టానికి మామూలుగా వారానికి 100 డాలర్లు, మొత్తం 5,200 దాకా వస్తుంది. ఇంటి పనులకు మనిషిని పెట్టుకుంటే రోజుకు 12 డాలర్లు, మొత్తం 4,380 దాకా. ఈ కాలంలో అది ఏ మూలకు? ఇంకొంచెం ప్రీమియం కట్టి ఈ పరిమితులు పెంచుకునే వీలుంది.

అంతకంటే ముఖ్యం రాష్ట్రం ఇచ్చే టెంపరరీ డిసెబిలిటీ. పే స్టబ్‌లో దాని కోత కనిపిస్తుంటే, పని చేయలేని మొదటి రోజు నుంచి 30 రోజుల్లోపు దరఖాస్తు చేసుకోండి. డాక్టర్ సర్టిఫికెట్ కావాలి. పిప్ ఇచ్చే జీతం డబ్బులోంచి దీన్ని మినహాయిస్తారు కాబట్టి, మొదట చూసుకోవాల్సింది ఇదే.

## 9. నొప్పి, బాధల దావా: గేటు దాటగలరా?

అపరిమిత హక్కు ఉంటే గాయం చిన్నదైనా దావా వేయవచ్చు. పరిమిత హక్కు ఉన్నవాళ్ళు ఈ ఆరింటిలో ఒకటైనా చూపించాలి:

1. మరణం
2. అవయవం కోల్పోవడం
3. చెప్పుకోదగ్గ అంగవికృతి లేదా మచ్చ
4. ఎముక విరిగి స్థానం తప్పడం
5. గర్భంలోని శిశువును కోల్పోవడం
6. శాశ్వత గాయం, అంటే ఆ భాగం మామూలుగా పనిచేసే స్థితికి రాలేదని, ఇంకెంత వైద్యం చేసినా రాదని డాక్టర్ చెప్పగలగడం

మన చుట్టూ జరిగేవాటితో దీన్ని పోల్చి చూద్దాం. వెనకనుంచి గుద్దితే మెడ పట్టేసింది, నాలుగు నెలలు థెరపీ చేయించుకున్నారు, తగ్గింది. పరిమిత హక్కు ఉంటే నొప్పికి పైసా రాదు. తప్పు నూటికి నూరు పాళ్ళు అవతలివాడిదైనా సరే. వైద్యం పిప్ చూసుకుంది, కథ అక్కడితో ఆఖరు.

మణికట్టులో వెంట్రుకంత పగులు వచ్చి, ఎముక కదలకుండా అతుక్కుంటే అది నాలుగో వరసలోకి రాదు. అదే ఎముక జరిగి, ప్లేటు వేసి బిగించాల్సి వస్తే వస్తుంది.

నడుం డిస్క్ పక్కకు జారడం దగ్గరే అసలు పోరాటం. అది ఆరో వరసలోకి రావాలి. నొప్పి ఉందని మీరు చెప్తే సరిపోదు. ఎమ్మారై, నరాల పరీక్ష వంటి కంటికి కనిపించే ఆధారంతో డాక్టర్ శాశ్వతమని రాయాలి. దావా వేశాక అవతలివైపు జవాబు దాఖలు చేసిన తేదీ నుంచి 60 రోజుల్లో ఈ డాక్టర్ సర్టిఫికేషన్ ఇవ్వాలి. కోర్టు ఒక్కసారి మాత్రం ఇంకో 60 రోజుల దాకా పొడిగించవచ్చు.

పిప్ పరిమితి దాటిపోయిన వైద్య ఖర్చుల సంగతి వేరు. 2019లో మారిన చట్టం ప్రకారం, పరిమితికి పైన మిగిలిపోయిన బిల్లులను తప్పు చేసినవాడి నుంచి అడగవచ్చు. దీనికి పై ఆరు వరసలతో పని లేదు. 15,000 పిప్ ఉన్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

తప్పులో మీ వాటా కూడా లెక్కలోకి వస్తుంది. మీది 30 శాతం అని తేలితే పరిహారంలో 30 శాతం తగ్గుతుంది. మీ వాటా అవతలివాళ్ళ వాటాను మించితే, మామూలుగా 50 శాతం దాటితే, ఏమీ రాదు.

సొంత కారుకు ఇన్సూరెన్స్ లేకుండా నడుపుతూ దెబ్బ తగిలించుకున్నవాడికి దావా హక్కే లేదు. ఆ ప్రమాదంలోనే తాగి నడిపినట్టు శిక్ష పడినవాడికీ అంతే.

గడువులు ఫ్రిజ్ మీద అంటించుకోండి:

- ఎన్‌జే ట్రాన్సిట్ బస్సు, మునిసిపల్ ట్రక్కు వంటి ప్రభుత్వ బండి గుద్దితే: 90 రోజుల్లో నోటీసు
- గాయాలకు దావా: ప్రమాదం నుంచి 2 ఏళ్ళు
- అడ్జస్టర్‌తో బేరం నడుస్తున్నంత మాత్రాన ఈ గడువులు ఆగవు

లాయర్ ఫీజు మామూలుగా గెలిస్తేనే. మొదటి 7,50,000 డాలర్ల మీద మూడో వంతుకు మించకూడదని కోర్టు నియమం. ఒప్పందం రాతలో ఉండాలి. కోర్టు ఖర్చులు ఫీజుకు ముందు తీస్తారా, తర్వాత తీస్తారా అని అడగండి.

## 10. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మరమ్మతు

బంపర్ చెక్కుతో పాటు వచ్చిన కాగితం మీద సంతకం. అవతలి కంపెనీ రిపేరు డబ్బు పంపుతూ రిలీజ్ ఫారం (ఇక క్లెయిమ్ అడగనని రాసిచ్చే కాగితం) పెడుతుంది. అందులో 'ప్రాపర్టీ డ్యామేజ్ మాత్రమే' అని ఉంటే ఫరవాలేదు. 'అన్ని క్లెయిములూ' అని ఉంటే గాయాల హక్కు కూడా రాసిచ్చినట్టే. ఇంకా పెట్టకపోతే ఆపండి, మార్చి పంపమనండి. పెట్టేసి ఉంటే చెక్కు మార్చుకోకుండా లాయర్ దగ్గరికి వెళ్ళండి.

వైద్యం మధ్యలో మూడు నెలల ఖాళీ. ప్రాజెక్టు రిలీజనో, ఇండియా ప్రయాణమనో థెరపీ మానేస్తాం. కంపెనీ "తగ్గిపోయింది కాబట్టే మానేశారు" అంటుంది. వెళ్ళే ముందు డాక్టర్‌కి చెప్పి ఫైల్లో రాయించండి. ఊళ్ళో ఫిజియోథెరపీ చేయించుకుంటే రసీదులు, నోట్సు తెచ్చుకోండి.

ఎవరో ఫోన్ చేసి పంపిన క్లినిక్‌కి వెళ్ళడం. ప్రమాదమైన రెండు రోజులకే "మీకు ఫ్రీగా డాక్టర్‌ని, లాయర్‌ని చూపిస్తాం" అని ఫోన్ వస్తే పెట్టేయండి. డబ్బు తీసుకుని రోగులను తోలే ఈ దళారీ పని న్యూజెర్సీలో నేరం. పైగా అలాంటి చోట రాసిన రిపోర్టులను కోర్టులో ఎవరూ నమ్మరు. మీ ఫ్యామిలీ డాక్టర్‌తో మొదలుపెట్టండి.

తక్కువ ఇన్సూరెన్స్ ఉన్నవాడితో తొందరపడి రాజీ. 2026 జనవరి 1 నుంచి స్టాండర్డ్ పాలసీలో గాయాల బాధ్యత కనీసం ఒకరికి 35,000, ఒక ప్రమాదానికి 70,000 డాలర్లు. సర్జరీ కేసుకు ఇది చాలదు. అప్పుడు మీ పాలసీలోని అండర్‌ఇన్సూర్డ్ కవరేజీ ఆదుకోవాలి. అయితే అవతలివాడి డబ్బు తీసుకుని రిలీజ్ రాసిచ్చే ముందే మీ కంపెనీకి రాతలో చెప్పి, 30 రోజులు సమయమివ్వాలి. చెప్పకుండా సంతకం పెడితే మీ సొంత కంపెనీయే కట్టనంటుంది. లాయర్లు దీన్ని 'లాంగ్‌వర్త్ నోటీసు' అంటారు. పంపారా అని మీ లాయర్‌ని అడగడంలో తప్పులేదు.

హెల్త్ ప్లాన్ కట్టిన డబ్బును మరిచిపోవడం. సొంత డబ్బుతో నడిచే ఆఫీసు ప్లాన్ మీ వైద్యానికి కట్టి ఉంటే, రాజీ డబ్బులోంచి తిరిగి ఇమ్మని అడగవచ్చు. రాజీకి ముందే ఆ మొత్తం తేల్చుకోండి.

పోస్టులు. నడుం శాశ్వతంగా దెబ్బతిందని దావా వేసి, బతుకమ్మ ఆటలో ఆడుతున్న వీడియో పెట్టడం. ఇంతకంటే చెప్పక్కర్లేదు.

## 11. నది దాటి న్యూయార్క్‌లోనో, పెన్సిల్వేనియాలోనో జరిగితే

న్యూజెర్సీ పాలసీ ఉన్నవాళ్ళకు పక్క రాష్ట్రంలో ప్రమాదం జరిగినా వైద్యానికి మొదట అడగాల్సింది సొంత పిప్‌నే. కానీ దావాకు వచ్చేసరికి ఎక్కడి చట్టం, ఏ కోర్టు అన్నది మారిపోవచ్చు.

న్యూయార్క్ బండిలో, ఉదాహరణకు అక్కడి స్నేహితుడి కారులో, మీకు గాయమై, మీకుగానీ ఇంట్లోవాళ్ళకుగానీ సొంత పాలసీ లేకపోతే, ఆ బండి నో-ఫాల్ట్ దగ్గరికే వెళ్ళాలి. అక్కడ మూల పరిమితి 50,000 డాలర్లు. నోటీసు గడువు 30 రోజులే, న్యూజెర్సీ అలవాటులో నిదానంగా ఉంటే దాటిపోతుంది. దావా వేయడానికి అక్కడ 'తీవ్ర గాయం' జాబితా వేరే ఉంది. ప్రమాదం తర్వాతి 180 రోజుల్లో కనీసం 90 రోజులు రోజువారీ పనులు చేసుకోలేకపోవడం కూడా అందులో ఒక వరస. న్యూజెర్సీ జాబితాలో అలాంటిది లేదు. అందుకని అక్కడ ఏ రోజు ఏ పని చేయలేకపోయారో డాక్టర్ నోట్సులో పడేట్టు చూసుకోండి.

పెన్సిల్వేనియాలో 'లిమిటెడ్ టార్ట్' (పరిమిత దావా హక్కు), 'ఫుల్ టార్ట్' (పూర్తి దావా హక్కు) అని రెండు ఆప్షన్లు. వైద్యానికి తప్పనిసరి కవరేజీ 5,000 డాలర్లే. ఫిలడెల్ఫియా వైపు ఇల్లు మారుతున్నవాళ్ళు పాత న్యూజెర్సీ పాలసీని అలాగే లాగించకుండా, కొత్త అడ్రస్ మీద పాలసీ తీసుకునే రోజే ఆ కవరేజీ పెంచమని, ఫుల్ టార్ట్ ధర ఎంతో చెప్పమని ఏజెంట్‌ని అడగండి.